ఏడుపుకు వచ్చిన బహుమానం

పెనుకొండ కొండకు పడమటి పక్కనున్న పల్లెల్లో మనిషి పోతే, కట్టెలకు ఒకరు, తప్పెట్లకు ఒకరు, తిమ్మక్క కోసం ఒకరు పరిగెత్తేవాళ్లు. ఆమె అందరికీ చుట్టమేమీ కాదు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. చేతిలో కొడవలి ఉంటే చూరులో గుచ్చి, చేతులు కడుక్కుని, పిలవడానికి వచ్చినవాళ్ల వెంట నడిచేది. శవం తలాపున కూర్చుని కాసేపు ఊరికే ఉండేది. ఇంటివాళ్లను ఒకటి రెండు మాటలు అడిగేది. ఈయన ఏ ఎద్దును ముద్దుగా చూసుకున్నాడు? కోపం వస్తే అన్నం మానేవాడా, ఇల్లు విడిచి పోయేవాడా? చివరి నీళ్లు ఎవరి చేత్తో తాగాడు? ఆ తర్వాత గొంతు ఎత్తేది.

ఆ గొంతు లేచిందంటే, అప్పటిదాకా ఏడుపు రాక గోడకు ఆనుకుని నిలబడ్డ కొడుకులు కూలబడేవాళ్లు. బావి గోడల మీద నీటి వెలుగు కదిలినట్టు ఆమె మాటలు ఆ ఇంటి గోడల మీద కదిలేవి. ఒక శవానికి అల్లిన మాట ఇంకో శవానికి వాడేది కాదు. "ఒకరి పంచె ఇంకొకరికి కట్టినట్టు ఉంటాది" అనేది.

తిమ్మక్క మొగుడు ఈరన్న గొర్రెల కాపరి. ఆ పేరు ఆమె నోట ఎవరూ వినలేదు. వాళ్ల ఇళ్లలో ఆడమనిషి కట్టుకున్నవాణ్ణి పేరు పెట్టి పిలవదు. కాపురం చేసిన తొమ్మిదేళ్లూ ఆమె అతన్ని "ఇదిగో" అంది, "వింటివా" అంది, మంద దూరంగా ఉంటే చేట మీద తట్టి పిలిచింది. పిల్లలు లేరు కాబట్టి ఫలానావాళ్ల నాయన అనే దోవ కూడా లేకపోయింది. అనని పేరు నాలుక కింద తడిసి తడిసి నున్నబడింది.

వాళ్ల ఆచారంలో ఒక్కటే సందు ఉండేది. మొగుడు పోయిన రోజు నుంచి పెద్దదినం దాకా, ఆ పదకొండు రోజులు, పెళ్లాం అతన్ని పేరు పెట్టి పిలిచి ఏడవొచ్చు. ఆ తర్వాత పిలవకూడదు.

1957 చిత్తకార్తెలో కొండ మీద పిడుగు పడింది. సాయంత్రం మంద తనంతట తనే దిగివచ్చింది. గొర్రెల వెన్నుల మీద వాన ఇంకా పొగలు కక్కుతూ ఉంది. వాటి వెనక ఎవరూ లేరు.

తొమ్మిదేళ్లు దాచిన పేరు ఆ పదకొండు రోజుల్లో బయటికి వచ్చింది.

"మంద వచ్చె ఈరన్నా, మందెనక నువ్వు రాకపోతివా ఈరన్నా... కంబళి తడిసె ఈరన్నా, కంబళి కింద నువ్వు లేకపోతివా ఈరన్నా... దొడ్డి తడిక తీసి పెట్టినా, ఇంక ఎవరొచ్చినారని మూసుకుందు ఈరన్నా..."

ఊరు ఊరంతా విన్నది. పదకొండో రోజు అన్నాలయ్యాక ఊరిపెద్ద వెంకటప్ప వచ్చి ఆమె ముందు చతికిలబడ్డాడు.

"ఇంక చాలమ్మా. ఈ పొద్దు నుంచి ఆ పేరు ఎత్తొద్దు. పోయేవాన్ని పిలిస్తే దోవలో నిలబడి తిరిగి చూస్తాడు. తిరిగి చూసినోడు ఆడికీ చేరడు, ఈడికీ రాడు."

తిమ్మక్క తలూపింది. పేరు మళ్లీ నాలుక కిందికి పోయింది.

1959 వేసవిలో కోటకు సినిమావాళ్లు వచ్చారు. ఏదో పాలెగాడి కథ. యుద్ధంలో చచ్చిన తమ్ముడి మీద పడి అక్క ఏడ్చే ఘట్టం తీయాలి. అక్క వేషం కట్టింది నీలావతి అనే నటి. ఆమె ఏడ్చింది, మళ్లీ ఏడ్చింది, దర్శకుడికి నచ్చలేదు. ఇది పట్నం ఏడుపు, ఈ రాళ్లకు అతకడం లేదన్నాడట. పక్కనే నిలబడి చోద్యం చూస్తున్న వెంకటప్ప, మా ఊళ్లో ఒక మనిషి ఉందని చెప్పి వాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏమే తిమ్మక్కా, పెద్దమనుషులు వచ్చినారు. ఒక్క రవ్వ ఏడ్చి చూపియ్యి."

"ఎవరు పోయినారని ఏడ్చాల?"

"ఎవరూ పోలేదులే. ఉత్తదే."

"ఉత్త ఏడుపు నాకు రాదప్పా. ఎవరో ఒకరు పోవాల."

అందరూ నవ్వారు. వెంకటప్ప ఎక్కువ నవ్వాడు. తిమ్మక్క నవ్వలేదు గాని, వాళ్ల వెంట నడిచింది. ఎందుకు నడిచిందో చాలా ఏళ్ల దాకా తనకు తానే చెప్పుకోలేదు. పెద్దమనుషుల మాట కాదనలేక అనుకుంది. అది నిజం కాదు. శవం లేకుండా, పెద్దదినం లేకుండా, అతన్ని ఒక్కసారి పేరు పెట్టి పిలవొచ్చన్న ఆశ. దప్పిగొన్న గొర్రె నీటి వాసన పట్టినట్టు ఆ ఆశ ఆమెను కోట మెట్ల దాకా లాక్కుపోయింది.

మెట్ల మీద నీలావతి ఎదురుగా కూర్చుంది. తిమ్మక్క కళ్లు మూసుకుంది. మంద వచ్చె ఈరన్నా అంది. దర్శకుడి సహాయకుడు ఒకతను కాగితాల మీద గబగబా రాసుకున్నాడు. నీలావతి ఆమె గొంతు ఎక్కడ లేస్తోంది, ఎక్కడ విరుగుతోంది అని పెదవులు కదుపుతూ వింటూ ఉంది. ఇంటికి వచ్చేటప్పుడు తిమ్మక్క ఒళ్లు బరువు దించిన గాడిదలా తేలికగా ఉంది. తర్వాత భయమేసింది. చేయకూడని పని చేశాను. కానీ ఒక్కసారే కదా. విన్నది పదిమందే కదా.

ఆ పేరును వాళ్లు అలాగే ఉంచుకుంటారని ఆమెకు తోచనే లేదు. వాళ్ల శవానికి వాళ్ల పేరు పెట్టుకుంటారు. ఇంకొకరి ఇంటి చచ్చినవాణ్ణి పిలుచుకునేవాళ్లు లోకంలో ఎక్కడైనా ఉంటారా? చెప్పాల్సిన మాట అనిపించక చెప్పలేదు. దర్శకుడికేమో ఆ పేరే నచ్చింది. చివర దీర్ఘం తీయడానికి బాగుందని, కథలో తమ్ముడి పేరు మార్చి ఈరన్న అని పెట్టాడు.

మరుసటి సంవత్సరం ఆ సినిమా పెనుకొండలో బొమ్మలు ఆడే డేరాకు వచ్చింది. కోటలో తీశారు కాబట్టి ఊళ్లో అందరూ కోట బొమ్మ అన్నారు. మొదటి రోజే చూసి వచ్చింది చౌడమ్మ. ఈరన్నకు అక్క, తిమ్మక్కకు వదిన. ఇద్దరూ విధవలే, ఒకే వసారాలో రెండు పొయ్యిలు పెట్టుకుని ఉండేవాళ్లు. చౌడమ్మ వాకిట్లో నుంచే కేకేసింది.

"ఏమే! నా తమ్ముడు బొమ్మలో ఉండాడే!"

"ఏం వాగుతాండావు వదినా?"

"వాగేదేంది? ఆయమ్మ తొమ్మిది తూర్లు పిలిచింది, వేళ్లు మడిచి లెక్కపెట్టినా. ఈరన్నా అని తొమ్మిది తూర్లు! ఆడోళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకున్యారు. నా తమ్ముని కోసం అంత జనం ఏడ్చినారే! వాడు బతికుంటే ఒక్కరన్నా ఏడ్చిరా?"

తిమ్మక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు తనే పోయి చూసింది. నేల మీద కూర్చుంది. గాలికి డేరా గుడ్డ ఊపిరి తీసుకున్నట్టు లేచి పడుతోంది. తెల్లగుడ్డ మీద నీలావతి వంగింది, జుట్టు విరబోసుకుంది, మంద వచ్చె అంది. ఆ పేరు డేరా నుంచి లేచి కొండ వైపు పోయింది. తిమ్మక్క తెర వైపు చూడడం మానేసి వెనక్కి తిరిగి చీకట్లో కొండను చూసింది. అక్కడ, నడుస్తూ నడుస్తూ ఎవరో ఆగినట్టు అనిపించింది.

ఆ సినిమా పెనుకొండలో ఆరు వారాలు ఆడింది. గాలి ఇటు తిరిగిన సాయంత్రాల్లో పిలుపు వసారాలోకి వినిపించేది. అతను ఎక్కడ ఉన్నాడు? ఎంత దూరం పోయాడు? పెనుకొండలో పిలుస్తున్నారు. హిందూపురంలో పిలుస్తున్నారు. ధర్మవరంలో పిలుస్తున్నారు. నాలుగు దిక్కుల నుంచి పిలిస్తే మనిషి ఎటు తిరుగుతాడు? ఆమె రాగి సంగటి కెలుకుతూ ఆగిపోయేది, అడుగంటిన వాసన వచ్చేదాకా.

ఆ రోజుల్లోనే పరిగి దగ్గర ఒక పల్లెలో గానుగ ఆడించే ముసలాయన పోతే ఆమెను పిలిచారు. పోయేసరికి లోపల కోడళ్లు అప్పటికే ఏడుస్తున్నారు. "మంద వచ్చె మామా, మందెనక నువ్వు రాకపోతివా మామా." పుట్టి ఒక్క గొర్రెనైనా తోలని మనిషికి మంద ఎక్కడిది? కోట బొమ్మ చూసి నేర్చుకున్నారు. తిమ్మక్క గడప దగ్గరే కాసేపు నిలబడి, నోరు తెరవకుండా వెనక్కి వచ్చేసింది. ఆ తర్వాత ఏ చావింటికీ పోలేదు. పిలవడానికి వచ్చినవాళ్లతో గొంతు పోయిందని చెప్పేది.

సినిమా వెళ్లిపోయాక కొన్ని నెలలు నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో అతను మళ్లీ నడక మొదలుపెట్టి ఉంటాడని ఆమె అనుకుంది. ఎక్కడో, మేఘాల కంటే కాస్త ఎత్తున, కంబళి భుజాన వేసుకుని.

1961 చలికాలంలో చౌడమ్మ మళ్లీ వార్త తెచ్చింది. హిందూపురంలో కళాభిమానులు ఒక సంఘం పెట్టారట. పోయినేడు వచ్చిన సినిమాల్లో ఏది గొప్పది అని జనాన్ని కార్డు ముక్కలు రాయమన్నారట. కోట బొమ్మకు రెండు బహుమతులు. నీలావతే వచ్చి పుచ్చుకుంటుందట. "బహుమతులు వచ్చినాయని పెనుకొండ డేరాలో, ధర్మవరం డేరాలో మల్లా ఏస్తారంట!" అంది చౌడమ్మ, ముఖమంతా దీపంలా చేసుకుని.

మళ్లీ. తిమ్మక్క అంది, "నేనూ వస్తా హిందూపురం."

"అబ్బో! నువ్వు సినిమావాళ్లను చూసేదానికి వస్తావా?"

"ఆయమ్మతో మాట్లాడాల. ఆ పేరు తీసేయమని చెప్పాల."

"తీసేసేదేంది? నీకేం పోయేకాలమే!"

సభ రోజు పొద్దున పాసింజరులో ఇద్దరూ హిందూపురం దిగారు. సినిమా హాలు అప్పటికే కిటకిటలాడుతోంది. గుమ్మానికి మామిడాకులు కట్టారు. ఆడవాళ్ల బెంచీల్లో మూడో వరసలో చోటు దొరికింది. వేదిక మీద వెండి కప్పులు వరసగా పెట్టి ఉన్నాయి.

మొదట పాటకు బహుమతి ఇచ్చారు. పాడినాయన రాలేదు, ఆయన తరఫున వేరెవరో వచ్చి పుచ్చుకున్నారు. "గొంతు ఇంట్లో పెట్టి మెడకాయను పంపినాడు" అంది తిమ్మక్క. పక్కనున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. తర్వాత హాస్యగాడు. మైకు తీగ తట్టుకున్నట్టు పడబోయి నిలబడ్డాడు, హాలు పగలబడి నవ్వింది. తిమ్మక్క ఆయన కళ్ల కింద చూసింది.

"ఈయప్పకు నిద్ర లేదు వదినా. ఇంట్లో ఎవరికో బాగలేదు."

"నీకు యాడ చూసినా చావేనా? నవ్వే!"

"కప్పు ఇయ్యొచ్చులే. ఇంట్లో అట్లా పెట్టుకోని ఈడికొచ్చి నవ్విస్తాండాడంటే, ఇయ్యొచ్చు."

మూడోది కోట బొమ్మలో తమ్ముడి వేషం కట్టినతనికి. తెల్లగా, బొద్దుగా, గులాబీ దండలో నుంచి నవ్వుతూ వచ్చాడు. ఎవరో "ఈరన్నా!" అని అరిచారు, ఈలలు వేశారు. తిమ్మక్క అతని ముఖం చూడలేదు. పాదాలు చూసింది. చెప్పుల్లో ఆ పాదాలు వెన్నముద్దల్లా ఉన్నాయి. ఒక్క ముల్లు గీత లేదు, ఒక్క పగులు లేదు. తెర మీద శవంలా పడుకున్నప్పుడు రెప్పలు ఆడిన సంగతి ఆమె డేరాలోనే చూసింది.

"ఈయప్పకు ఇయ్యకూడదు. చావడం రాలేదు."

"అది నేర్చుకోని చేసేదా?"

"రానప్పుడు ఒప్పుకోకూడదు" అంది తిమ్మక్క. ఆ పేరుకు ఆ పాదాలు పెట్టినందుకు ఆమెకు మొదటిసారి కోపం వచ్చింది.

చివర నీలావతి. వంగపండు రంగు పట్టుచీర కట్టుకుని, అలసిన ముఖంతో, ఎవరినీ నొప్పించకూడదన్నట్టు మెల్లగా నడిచి వచ్చింది. అధ్యక్షుడు కండువా సర్దుకుని, ఆ ఏడుపు ఆమె హృదయంలో పుట్టిందనీ, అటువంటి శోకం కల్పించడం కారణజన్ములకే సాధ్యమనీ చెప్పాడు. చౌడమ్మ మోచేత్తో పొడిచింది. "యాడ పుట్టిందో నాకు తెల్దా!" కప్పు ఇచ్చారు. చప్పట్లు ఆగకముందే హాలు వెనక నుంచి అరుపులు మొదలయ్యాయి.

"ఏడుపు! ఏడుపు! ఒక్కసారి ఏడుపు!"

నీలావతి చేతులు జోడించి వద్దంది. వినలేదు. అధ్యక్షుడు కూడా నవ్వుతూ మైకు ఆమె వైపు తిప్పాడు. మెడలో దండతో, తలలో పూలతో, ఒక చేతిలో వెండి కప్పుతో, ఆమె కళ్లు మూసుకుంది.

"మంద వచ్చె ఈరన్నా..."

హాలు ఊపిరి బిగబట్టింది. తిమ్మక్క చేతులు బెంచీ చెక్కను పట్టుకున్నాయి. ఎక్కడైనా తప్పు దొరకాలని విన్నది. గొంతు లేవాల్సిన చోట లేచింది. విరగాల్సిన చోట, ఎండిన కంది పుల్లలా, విరిగింది. మూడో పిలుపుకు ముందు తను ఊపిరి తీసుకున్నంతసేపే ఆమె తీసుకుంది. చౌడమ్మ ఏడుస్తోంది. ముందు వరసలో నగలు పెట్టుకున్నవాళ్లు ఏడుస్తున్నారు. అంతమందిలో ఏడవనిది తిమ్మక్క ఒక్కతే. ఆమె మనసులో తీర్పు మాత్రం స్పష్టంగా, చల్లగా తేలింది. ఇచ్చింది సరైన మనిషికే. ఇంత బాగా పిలుస్తోంది. చేతకాని మనిషి పిలిచి ఉంటే ఆయన పట్టించుకోకుండా పోయేవాడు. ఇట్లా పిలిస్తే ఎవరైనా తిరిగి చూస్తారు.

సభ అయ్యాక హాలు వెనక గదిలో నీలావతి కాఫీ తాగుతోందని తెలిసింది. గుమ్మంలో సంఘంవాళ్లు అడ్డుపడ్డారు. చౌడమ్మ వాళ్లను చేత్తో పక్కకు నెట్టింది.

"ఆయమ్మకు ఏడ్చేది నేర్పినామె ఈమే. అడ్డం లెయ్యప్పా. గురువును వాకిట్లో నిలబెడతారా?"

లోపలి నుంచి నీలావతి చూసింది. చేతిలో లోటా కింద పెట్టి లేచి నిలబడింది.

"కోట మెట్ల మీద... మీరే కదమ్మా?"

"నేనే. బాగా ఏడ్చినావు తల్లీ."

"మీరు నేర్పిందే."

"అదే తప్పయింది. నాదే తప్పు. ఆ పేరు తీసేయాల."

"ఏ పేరు?"

తిమ్మక్క నోరు తెరిచింది. నాలుక కదలలేదు. వదిన వైపు చూసింది. చౌడమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, కాస్త గర్వంగానే చెప్పింది.

"ఈరన్న. నా తమ్ముడు. దీని మొగుడు. పిడుగు పడి పోయినాడు."

బల్ల మీద ఫ్యాను ఒకసారి అటు తిరిగి ఇటు తిరిగింది. నీలావతి నెమ్మదిగా కూర్చుంది.

"కథలో పేరనుకున్నాను" అంది.

తిమ్మక్క నేల మీద కూర్చుని ఉన్నదంతా చెప్పింది. పదకొండు రోజుల సంగతి, తిరిగి చూడడం సంగతి. నీలావతి నవ్వలేదు. చెప్పడం అయిపోయాక తన చేతుల వైపు చూసుకుంటూ అంది.

"నా చేతిలో ఉంటే ఈ క్షణమే తీసేసేదాన్నమ్మా. అది ఫిల్ములోకి ఎక్కి, పెట్టెల్లో ఊరూరికీ పోయింది. నేను మానేసినా అది మానదు. నేను పోయాక కూడా, నా గొంతుతో అట్లా పిలుస్తూనే ఉంటుంది."

"అట్లాటి పెట్టెలు ఎన్నుండాయి తల్లీ?"

"ముప్ఫై ఉంటాయేమో."

"ముప్ఫై ఊళ్లలో ఒకే పొద్దు పిలుస్తాయా?"

"పిలుస్తాయి."

నీలావతి ఉన్నట్టుండి వెండి కప్పు తీసి తిమ్మక్క ఒడి దగ్గర పెట్టింది. "ఇది మీది. నాది కాదు." తిమ్మక్క దాన్ని ముట్టుకోలేదు. "నీదే తల్లీ. నువ్వు పిలిచినావు, అది నిజం. నాకొక మాట ఇయ్యి చాలు. ఇట్లా పూలు పెట్టుకోని నలుగురిలో నిలబడి ఇంకెప్పుడూ పిలవొద్దు." నీలావతి ఆమె చేతిలో చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

తిరుగు రైల్లో చౌడమ్మ సణుగుతూనే ఉంది. "వెండి కప్పే! ఒకటిన్నర చెంబంత ఉండాది! వద్దంటివి గదే, మహారాణి!" తిమ్మక్క కిటికీ బయట చూస్తూ ఉంది. పొలాల్లో వేరుశనగ పీకేశారు. నేల నోరు తెరుచుకుని ఉంది.

వారానికల్లా పెనుకొండ డేరా ముందు కొత్త కాగితాలు అంటించారు. బహుమతులు పొందిన చిత్రం. మొదటి రోజు పిలుపు వసారాలోకి వినిపిస్తుంటే తిమ్మక్క ఇంట్లో కూర్చోలేకపోయింది. రెండో రోజు పోయి నేల మీద కూర్చుంది. నీలావతి వంగి పిలవగానే, తెర వైపు కాదు, వెనక చీకట్లో కొండ వైపు తిరిగి పెదవులు కదిపింది.

"నిన్ను గాదు. ఆయమ్మ వాళ్ల తమ్మున్ని పిలుస్తాండాది. నువ్వు పో."

తొమ్మిది పిలుపులకు తొమ్మిదిసార్లు అంది. పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు, తన గొంతు అతను గుర్తు పడతాడు.

ఆ తర్వాత ఒక్క ఆట మానలేదు. పగలు కూలి, సాయంత్రం డేరా. టికెట్టు చింపే అతను నవ్వేవాడు. "ఏమక్కా, జపం చేస్తాండావా? నీకు సినిమా పిచ్చి బాగా ముదిరింది." ఊళ్లో కూడా సినిమా పిచ్చి అన్న మాటే నిలిచింది. చావులకు పిలిస్తే రాదు గాని సినిమాకు పిలవకపోయినా పోతుంది అన్నారు.

పెనుకొండలో తీసేశాక పెట్టె ధర్మవరం పోయింది. తిమ్మక్క కూడా పోయింది. ఒక మగ్గం ఇంట్లో పట్టునూలు చుట్టే పనికి కుదిరి, వాళ్ల పంచలోనే పడుకునేది. పది రోజులకు చౌడమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

"సినిమా కోసం కాపురం ఎత్తేసుకోని వచ్చినావంటనే! ఊరంతా ముక్కున వేలేసుకుంటాంది."

"రా వదినా, కూర్చో."

ఆ సాయంత్రం ఇద్దరూ డేరాకు పోయారు. పక్కపక్కన కూర్చున్నారు. పిలుపు వచ్చింది. చౌడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటూ ఉండగా పక్కన ఆ మాట వినపడింది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి ఆమె తిమ్మక్క మోచెయ్యి పట్టుకుని గుంజింది.

"ఎవరిని పొమ్మంటాండావే?"

తిమ్మక్క వెనక్కి తిరిగింది. తెర మీద నాలుగో పిలుపు. "నిన్ను గాదు. నువ్వు పో."

"నా తమ్మున్ని నువ్వే తరుముతాండావా? ఇంత దూరమొచ్చి, దినామూ ఇదేనా చేస్తాండేది?" చౌడమ్మ గొంతు లేచింది. ముందున్నవాళ్లు ఉష్ అన్నారు. ఆమె గొంతు తగ్గించలేదు. "తిరిగి చూస్తే చూడనీ! ఒక్క తూరి చూడనీ! నాకు వాని మొగం చూడాలనుండాది!"

"నాకు లేదా వదినా?"

అంతే అంది తిమ్మక్క. చౌడమ్మ చెయ్యి వదిలేసింది. తర్వాతి పిలుపులన్నింటికీ తిమ్మక్క మెడ తిప్పి చీకట్లోకి ఆ మాట చెబుతూనే ఉంది. చివరి పిలుపుకు చౌడమ్మ పెదవులు కూడా కదిలాయి. ఏమందో తిమ్మక్కకు వినపడలేదు.

ధర్మవరంలో మూడు వారాలు ఆడింది. ఆఖరి ఆట అయిన మర్నాడు పొద్దున వదినా మరదళ్లు మూట కట్టుకుని స్టేషనుకు వచ్చారు. అవతలి పట్టాల మీద పాకాల పోయే బండి నిలబడి ఉంది. డేరా మనిషి ఒకడు ఫిల్ము రేకు పెట్టెలు మోయించి బండి చివర సామాన్ల పెట్టెలోకి ఎక్కిస్తున్నాడు. తిమ్మక్క పట్టాలు దాటి అతని దగ్గరికి పోయింది.

"ఏమబ్బా, ఇది కోట బొమ్మేనా?"

"అవునక్కా. మల్లా చూడాలనా?"

"యాడికి పోతాది?"

"కదిరి. ఆన్నుంచి మదనపల్లె. ఆ పైన యాడికి పంపిస్తారో నాకేం తెలుసు? పెట్టె బాగున్నంత కాలం తిరుగుతానే ఉంటాది."

బండి కదిలింది. బొగ్గు పొగ ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడి, దారి తెలియనట్టు అటూ ఇటూ తిరిగి, పలచబడింది. తిమ్మక్క తిరిగి వచ్చి వదిన పక్కన చెక్కబల్ల మీద కూర్చుంది.

"ఆ మాట చెప్పేదానికి కదిరిలో మనోళ్లు ఎవరన్నా ఉండారా వదినా?"

చౌడమ్మ ఆలోచించింది. పెద్దమ్మ కూతురు ఒకామె ఉండేది, పోయి చాలా ఏండ్లయింది. ఆమె మొగుడు యాడికి పోయినాడో తెలియదు.

"లేరే" అంది.

"మదనపల్లెలో?"

చౌడమ్మ తల అడ్డంగా ఊపింది. పెనుకొండ పాసింజరుకు ఇంకా గంట ఉంది. ఇద్దరూ ఖాళీ అయిన ఆ పట్టాల వైపు చూస్తూ కూర్చున్నారు.